ప్రోస్టేట్ క్యాన్సర్‌కు లేజర్ వేడి చికిత్స: ఎలుకల్లో, కుక్కల్లో వచ్చిన ఫలితాలను ఎంతవరకు నమ్మొచ్చు?

శ్రీవల్లి_కె (కొత్త సభ్యురాలు)

అందరికీ నమస్కారం.

మా నాన్నగారికి బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని వచ్చింది. గ్లీసన్ (క్యాన్సర్ ఎంత దూకుడుదో చెప్పే స్కోరు) 3+4, గ్రంథి బయటికి పాకలేదన్నారు. ఆపరేషన్, రేడియేషన్, లేదంటే పీఎస్‌ఏ (ప్రోస్టేట్ రక్తపరీక్ష) చూసుకుంటూ కొన్నాళ్లు ఆగడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఆలోచించుకోమన్నారు. ఆలోచిద్దామని కూర్చుంటే నెట్‌లో ఎటు తిరిగినా ఒకటే వార్త ఎదురవుతోంది. లేజర్ వేడితో ప్రోస్టేట్ గడ్డను కాల్చేస్తున్నారట, చిట్టెలుకల్లో గడ్డ ఆనవాలు లేకుండా పోయిందట, కుక్కల్లోనూ పనిచేసిందట.

నాది సైన్సు చదువు కాదు. అయినా పరిశోధన వ్యాసాలు తెరిచి చూశాను, సగమే అర్థమైంది. ఎలుకలో గడ్డ పోయిందంటే మనిషిలోనూ పోతుందని అనుకోవచ్చా? అసలు ఎలుకలకు ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తుందా? కుక్కల మీద ఎందుకు చేశారు? పక్కనే ఉన్న పేగు, నరాలు కాలిపోకుండా ఎలా ఆపుతారు? తెలిసినవాళ్లు ఓపిగ్గా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

అఖిల్_బయో

శ్రీవల్లి గారూ, మీరు చదివింది బంగారు నానోషెల్స్ గురించి అయ్యుంటుంది. ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు దీనికి దగ్గర్లోనే ఉంది కాబట్టి మొదలుపెడతాను.

నానోషెల్ అంటే మధ్యలో సిలికా గోళం, దాని మీద పల్చటి బంగారు పొర. మొత్తం కలిపి 150 నానోమీటర్ల దాకా ఉంటుంది. పొర మందాన్ని మార్చి అది ఏ కాంతిని పీల్చుకోవాలో మనమే నిర్ణయించొచ్చు. 800 నానోమీటర్ల దగ్గర పీల్చుకునేలా చేస్తారు. కంటికి కనిపించని ఆ పరారుణ కాంతిని రక్తం, నీరు రెండూ తక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి ఒంట్లో కొంత లోతు దాకా వెళ్తుంది. నానోషెల్ దొరికిన చోట మాత్రం కాంతి అక్కడికక్కడే వేడిగా మారిపోతుంది.

రైస్ యూనివర్సిటీలో నవోమీ హాలస్, జెన్నిఫర్ వెస్ట్ బృందం 2003లో ఎంఆర్‌ఐలో వేడిని చూస్తూ ఈ పద్ధతిలో గడ్డల్ని కాల్చి చూపించింది. 2008లో మనిషి ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలతో (పీసీ-3) చిట్టెలుకల్లో గడ్డలు పెంచి, నానోషెల్స్ ఎక్కించి, 810 నానోమీటర్ల లేజర్ వేశారు. ఎక్కువ మోతాదు ఇచ్చిన గుంపులో గడ్డ చచ్చి కుంచించుకుపోవడం 93 శాతం అని తేలింది. నాకైతే ఇది చాలా ఆశ కలిగించే పని.

ల్యాబ్_సుధ (పరిశోధకురాలు)

అఖిల్ చెప్పిన వివరాలు సరైనవే. అయితే ఆ 93 శాతం ఎక్కడ, ఎలాంటి గడ్డలో వచ్చిందో తెలియకపోతే శ్రీవల్లి గారికి ఆ అంకె వల్ల ఉపయోగం లేదు. నేను చాలాకాలం చిట్టెలుకల ల్యాబ్‌లో పనిచేశాను. అక్కడ జరిగేది జరిగినట్టు చెబుతాను.

చిట్టెలుకకు తనంతట తానుగా ప్రోస్టేట్ క్యాన్సర్ రావడం దాదాపు ఉండదు. కాబట్టి మనమే తెచ్చిపెట్టాలి. అన్నిటికన్నా సులువైన దారి, మనిషి క్యాన్సర్ కణాల్ని డిష్‌లో పెంచి, సిరంజితో చిట్టెలుక పక్క భాగంలో చర్మం కింద ఎక్కించడం. గమనించండి, ప్రోస్టేట్‌లో కాదు, చర్మం కింద. కొన్ని వారాలకు అక్కడ బఠాణీ గింజంత ముద్ద చేతికి తగులుతుంది. ఆ ముద్దను వేళ్లతో పట్టుకుని కాలిపర్‌తో పొడవు, వెడల్పు కొలుస్తాం. పాతిక గ్రాముల ప్రాణి, పైకి కనిపిస్తున్న ముద్ద, దాని మీద సెంటీమీటరు వెడల్పున్న లేజర్ మచ్చ. ముద్ద మొత్తం వెలుగులోనే ఉంటుంది. చుట్టూ మూత్రనాళం లేదు, పేగు లేదు, కాపాడాల్సిన నరాలూ లేవు.

మనిషి కణాల్ని తోసిపుచ్చకుండా ఉండాలి కాబట్టి న్యూడ్ మైస్ అనే వెంట్రుకల్లేని చిట్టెలుకల్ని వాడతాం. వాటికి థైమస్ ఎదగదు, అందుకని రోగనిరోధక వ్యవస్థలో ముఖ్యమైన టీ కణాలు ఉండవు. చచ్చిన క్యాన్సర్ కణాల్ని చూసి రోగనిరోధక వ్యవస్థ మేలుకుంటుందా అన్న ప్రశ్నకు ఆ జంతువులో జవాబు దొరకదు.

పీసీ-3 కణాల సంగతి కూడా చూడండి. ఎముకకు పాకిన ఒక ప్రోస్టేట్ క్యాన్సర్ నుంచి 1970ల చివర్లో తీసినవి అవి. మగ హార్మోనుకు స్పందించవు, చాలా దూకుడు స్వభావం. గ్రంథిలోనే ఉండి నెమ్మదిగా పెరిగే 3+4 గడ్డకూ వీటికీ పోలిక తక్కువ.

ఇంకొకటి. ఇలాంటి ప్రయోగాల్లో చర్మం మీద చదరపు సెంటీమీటరుకు 4 వాట్ల దాకా లేజర్ వేస్తారు. 808 నానోమీటర్ల దగ్గర మనిషి చర్మానికి సురక్షితమని చెప్పే హద్దు సుమారు 0.33 వాట్లు. మనిషి ప్రోస్టేట్‌కు బయటి నుంచి వెలుగు వేసి ప్రయోజనం లేదు. కాంతిని మోసుకెళ్లే సన్నటి పోగును (ఫైబర్) సూదిలా లోపలికి దింపాల్సిందే. ఆ ఫైబర్ సంగతి చిట్టెలుక నేర్పలేదు.

వెంకట్రావు_పి

అమ్మా శ్రీవల్లీ, నేనూ ఈ జబ్బుతోనే ఉన్నాను. నాది 3+3, కొంతకాలంగా గమనింపులో పెట్టారు. ఈ చర్చ నాకూ అవసరమైనదే.

సుధ గారూ, మీరు చెప్పింది విన్నాక అడగాలనిపిస్తోంది. అంత తేడా ఉన్నప్పుడు చిట్టెలుకల మీద చెయ్యడం దేనికి? ఆ మూగజీవాల ప్రాణం పోవడమేనా?

ల్యాబ్_సుధ

వెంకట్రావు గారూ, ఆ ప్రశ్న ల్యాబ్‌లో ప్రతి ఒక్కరూ వేసుకోవాల్సిందే. వీలైతే జంతువు లేకుండా చెయ్యాలి, తప్పకపోతే తక్కువ జంతువులతో చెయ్యాలి, వాటికి బాధ తగ్గించాలి అని రస్సెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు 1959లోనే రాశారు. ఇప్పుడు ఏ ఎథిక్స్ కమిటీ అయినా ముందు అవే అడుగుతుంది.

చిట్టెలుక జవాబు చెప్పగల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఎక్కించిన బంగారు కణాలు ఎక్కడికి పోతున్నాయి? (ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి.) విషప్రభావం ఉందా? లేజర్ ఒక్కటే వేసిన గుంపుకూ, కణాలతో కలిపి వేసిన గుంపుకూ తేడా ఎంత? ఈ చివరిది చాలా ముఖ్యం. మీరు ఏ వ్యాసం తెరిచినా ముందు లేజర్ ఒక్కటే ఇచ్చిన గుంపు ఉందా అని వెతకండి. అది లేకపోతే ఆ ఫలితం కణాలదో, ఉత్త వేడిదో చెప్పలేం.

చర్మం కింద గడ్డే కాకుండా మెరుగైన నమూనాలూ ఉన్నాయి. కోపెన్‌హాగెన్ జాతి ఎలుకలో తనంతట తానే పుట్టిన డన్నింగ్ ఆర్3327 గడ్డ 1960ల నుంచి వాడుకలో ఉంది. అదే జాతి ఎలుకలోకి మార్చి పెంచుతారు కాబట్టి రోగనిరోధక వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉంటుంది. 1995లో వచ్చిన ట్రాంప్ చిట్టెలుకల్లో జన్యువు మార్చి, క్యాన్సర్ ప్రోస్టేట్‌లోనే పుట్టేలా చేశారు. వేటి లోపాలు వాటికున్నాయి. చిట్టెలుక ప్రోస్టేట్ నాలుగు జతల తమ్మెలుగా విడివిడిగా ఉంటుంది, మనిషిది ఒకే ముద్ద. పైగా ఆ తమ్మె ఎంతుంటుందంటే, మనుషులకు వాడే ఫైబర్ దాంట్లో పెడితే తమ్మె మొత్తం అయిపోతుంది.

అఖిల్_బయో

సుధక్కా, ఒక సందేహం. గడ్డలో రక్తనాళాలు లీకవుతూ ఉంటాయి కాబట్టి నానో కణాలు వాటంతట అవే గడ్డలో పోగుపడతాయి కదా. అది మనిషికీ వర్తించాలి కదా?

ల్యాబ్_సుధ

తమ్ముడూ, వేగంగా పెరిగే చిట్టెలుక గడ్డలో ఆ లీకు ఎక్కువ. అక్కడ కూడా పరిస్థితి ఏమంత గొప్పగా లేదు. పదేళ్ల నానో కణాల ప్రయోగాలను పోగుచేసి 2016లో చేసిన విశ్లేషణలో, ఎక్కించిన మోతాదులో గడ్డకు చేరేది మధ్యస్థంగా 0.7 శాతమని తేలింది. నెమ్మదిగా పెరిగే మనిషి ప్రోస్టేట్ గడ్డలో లీకు ఇంత ఉంటుందని ముందే అనుకోకూడదు. కొలిచి చూడాలి.

కాంతికిరణం (మెడికల్ ఫిజిక్స్)

ఆలస్యంగా చూశాను. నానో కణాలు అటుంచండి. వాటితో పనిలేకుండా ఉత్త ఫైబర్, ఉత్త వేడితో చేసే పద్ధతి ఇంకా పాతది, మనుషుల్లో ఎక్కువ దూరం వెళ్లిందీ అదే. కణజాలంలోకి ఫైబర్ దింపి లోపలి నుంచి కాల్చే ఆలోచనను 1983లో బౌన్ అనే బ్రిటన్ వైద్యుడు రాశాడు. మొదట 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్, తర్వాత డయోడ్ లేజర్లు వచ్చాయి. 980 దగ్గర నీరు కాస్త ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి వేడి త్వరగా పుడుతుంది, 1064 ఇంకొంచెం లోతుకు వెళ్తుంది.

శ్రీవల్లి గారు అడిగిన "ఎలా ఆపుతారు" అన్నదాని గురించి చెబుతాను, ఎందుకంటే జంతువుల మీద ప్రయోగాలు అసలు సిసలు మేలు చేసింది ఇక్కడే.

కాంతి కణజాలంలో తిన్నగా పోదు. తడిబట్ట మీద సిరా చుక్క పాకినట్టు అన్ని వైపులకూ చెదురుతుంది. ఫైబర్ కొన నుంచి కొన్ని మిల్లీమీటర్ల వరకే కాంతి నేరుగా వేడి పుట్టిస్తుంది, ఆ తర్వాత పాకేది వేడే. రక్తం పారుతూ ఆ వేడిని మోసుకుపోతుంది. పెద్ద రక్తనాళం పక్కన గడ్డ ఉంటే ఆ వైపు చల్లగానే మిగిలిపోవచ్చు. కోసి తెచ్చిన మాంసపు ముక్క మీద ప్రయోగం చేస్తే ఈ సంగతి బయటపడదు. రక్తం పారుతున్న ప్రాణి కావాలి.

కణం చావడానికి ఎంత వేడి కావాలి? వేడి ఒక్కటే లెక్క కాదు, ఎంతసేపు అన్నదీ లెక్కే. సపరేటో, డ్యూయీ 1984లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడతాం. అన్నిటినీ 43 డిగ్రీల దగ్గర ఎన్ని నిమిషాలకు సమానమో మార్చి చూడటం. 43 దాటాక ఒక్కో డిగ్రీకీ కావాల్సిన సమయం సగమవుతుంది. 43లో 240 నిమిషాలు పడితే కణజాలం చచ్చినట్టే లెక్క వేసుకుందాం. 46లో అరగంట చాలు. 50లో రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు. 55లో మూడు నాలుగు సెకన్లు. 57కు వచ్చేసరికి సెకను లోపే. అందుకే అంచు అంత స్పష్టంగా వస్తుంది. ఉష్ణోగ్రత కొద్ది మిల్లీమీటర్లలో పడిపోతుంది, చావడానికి పట్టే సమయం అంతకన్నా వేగంగా పెరిగిపోతుంది.

మరీ వేడెక్కినా చేటే. 100 డిగ్రీలకు నీరు మరిగి ఆవిరవుతుంది, ఫైబర్ కొన చుట్టూ కణజాలం నల్లగా బొగ్గులా మాడుతుంది. ఆ బొగ్గు కాంతినంతా తనే మింగేసి బయటికి పోనివ్వదు. అందుకే ఫైబర్ చుట్టూ సన్నటి గొట్టంలో సెలైన్ తిప్పి కొనను చల్లగా ఉంచుతారు.

శ్రీవల్లి_కె

చాలా బాగా అర్థమైందండీ. కానీ లోపల ఎన్ని డిగ్రీలుందో చూసేది ఎలా? థర్మామీటర్ దింపుతారా?

కాంతికిరణం

దింపొచ్చు, మొదట్లో అదే చేసేవారు. అయితే సూది పెట్టిన చోటే తెలుస్తుంది. ఎంఆర్‌ఐతో మొత్తం చిత్రంగా చూడొచ్చు. నీటిలోని హైడ్రోజన్ ప్రోటాన్లు ఇచ్చే సంకేతపు పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని కంపనాలన్నది) ఒక్కో డిగ్రీ వేడికి పది కోట్లలో ఒక వంతు చొప్పున తగ్గుతుంది. 1.5 టెస్లా యంత్రంలో అది సెకనుకు 0.64 కంపనం. అంత చిన్న తేడాను పట్టుకుని, కొన్ని సెకన్లకొకసారి తెర మీద రంగుల పటం వేస్తారు. పటంలో ముందే చుక్కలు పెట్టుకుంటారు. ఫైబర్ పక్క చుక్క 90 దాటితే, పేగు వైపు చుక్క మనం పెట్టిన హద్దుకు చేరితే, లేజర్ దానంతటదే ఆగిపోతుంది.

ఈ పద్ధతి నిలబడింది కుక్కల ప్రోస్టేట్‌లోనే. టొరంటోలో చేసిన పని 2000లో అచ్చయింది. ఎంఆర్‌ఐ చూపిన ఉష్ణోగ్రతల్ని బట్టి ఎక్కడిదాకా కణజాలం చస్తుందో లెక్కవేసి, తర్వాత ఆ గ్రంథిని కోసి పోల్చారు. 2010లో హ్యూస్టన్ ఎండీ ఆండర్సన్ బృందం 980 నానోమీటర్ల లేజర్‌తో కుక్క ప్రోస్టేట్‌లో గడ్డ ఉన్న భాగాన్ని మాత్రమే కాల్చి చూపించింది.

ఒక ఇబ్బంది మాత్రం దాచకుండా చెప్పాలి. ఈ కొలత నీటి మీద ఆధారపడింది, కొవ్వులో పనిచెయ్యదు. అంగస్తంభనకు కావాల్సిన నరాల కట్ట ప్రోస్టేట్ పక్కన కొవ్వులోనే పోతుంది. మనం చూసి తీరాల్సిన చోటే పటం మసకబారుతుంది. పెద్దపేగులో గాలి కదిలినా పటం చెదురుతుంది. కుక్కను పూర్తి మత్తులో కదలకుండా ఉంచి తీసిన పటం చూసి, మనిషిలో కూడా అంతే నున్నగా వస్తుందనుకోకూడదు.

పశువైద్యం_రఘు

కుక్కల గురించి నేను చెబుతాను, వృత్తిరీత్యా రోజూ చూసేదే.

పెద్ద జంతువుల్లో మనిషి తర్వాత ప్రోస్టేట్ క్యాన్సర్ తనంతట తానుగా చెప్పుకోదగ్గంతగా వచ్చేది కుక్కకే. వయసు మీరితే ప్రోస్టేట్ ఉబ్బడమూ మనిషికి లాగే వస్తుంది. గ్రంథి పరిమాణం మనుషుల ఫైబర్, మనుషుల ఎంఆర్‌ఐ వాడటానికి సరిపోతుంది. పేగు వెనక, మూత్రనాళం మధ్యలో, ఏది ఎక్కడుండాలో అక్కడే ఉంటాయి. లేజర్‌తో ప్రోస్టేట్‌ను లోపలి నుంచి కరిగించే పని 1991లోనే రాథ్, ఆరెట్జ్ కుక్కల్లో చేసి చూశారు. అది క్యాన్సర్ కోసం కాదు, ఉబ్బిన గ్రంథి కోసం.

ఇక తేడాలు. కుక్కకు వీర్యకోశాలు ఉండవు, ప్రోస్టేట్ ఒక్కటే. మనిషిలో సుమారు 70 శాతం క్యాన్సర్లు గ్రంథి వెనక అంచున, పేగు వైపున పుడతాయి. కుక్క ప్రోస్టేట్‌కు మనిషికున్నట్టు స్పష్టమైన విభాగాలు లేవు. కుక్కది ఎక్కువగా స్రవించే కణజాలం, మనిషిదాంట్లో పీచు, కండర పోగులు ఎక్కువ. ఒకే వాట్లు, ఒకే నిమిషాలు పెట్టినా రెండింట్లో ఒకే కొలత గాయం పడదు.

క్యాన్సర్ స్వభావమూ వేరు. వృషణాలు తీసేసిన మగ కుక్కల్లో ఈ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనిపిస్తుంది. మనిషిలో హార్మోన్ ఆపితే గడ్డ కుంచించుకుపోతుంది, కుక్క గడ్డకు ఆ లక్షణం లేదు. చాలావరకు నాళాల పొర నుంచి, మూత్రనాళపు పొర నుంచి పుట్టే రకం. బయటపడేసరికే చాలా కుక్కల్లో పాకిపోయి ఉంటుంది.

అందుకే పరిశోధకులు సహజంగా వచ్చే గడ్డ కోసం ఎదురుచూడకుండా, కుక్క నుంచి కుక్కకు సంపర్కంలో అంటుకునే టీవీటీ అనే గడ్డ కణాల్ని తెచ్చి ప్రోస్టేట్‌లో నాటారు. పైన చెప్పిన 2010 ప్రయోగంలో గడ్డ అదే. అది ప్రోస్టేట్ క్యాన్సర్ కాదు, ప్రోస్టేట్‌లో పెట్టిన వేరే క్యాన్సర్. గుండ్రంగా, అంచు తెలిసేలా పెరుగుతుంది. ఫైబర్ గురి కుదిరిందా, హద్దులో ఆగిందా అని చూడటానికి అది చక్కగా సరిపోతుంది. క్యాన్సర్ నయమైందా అన్న ప్రశ్నకు సరిపోదు.

వెంకట్రావు_పి

రఘు గారూ, ఆ కుక్కల్ని ఎన్నాళ్లు చూశారు?

పశువైద్యం_రఘు

ఎక్కువ ప్రయోగాల్లో గంటల నుంచి కొన్ని వారాల వరకే సార్. గాయం ఎంత పడిందో చూడటం కోసం గ్రంథిని తీసి కోస్తారు. ఏళ్ల తరబడి చూసేందుకు చేసిన ప్రయోగాలు కావు.

స్లైడ్_పద్మజ (పాథాలజీ)

ఆ కోసిన గ్రంథి చేరేది నాలాంటివాళ్ల బల్ల మీదికే కాబట్టి నా మాట కూడా కలుపుతాను.

లేజర్ వేసిన ప్రోస్టేట్‌ను అడ్డంగా కోస్తే ఫైబర్ ఉన్న చోట చిన్న గుంట, దాని చుట్టూ ఒక్కోసారి నల్లగా మాడిన గీత, తర్వాత పాలిపోయి గట్టిపడిన వలయం, అన్నిటికన్నా బయట ఎర్రటి అంచు కనిపిస్తాయి. ఆ ఎర్రటి అంచు రక్తనాళాలు చిట్లి ఏర్పడినది. ప్రశ్నంతా ఆ అంచు గురించే. అక్కడ కొన్ని కణాలు చస్తాయి, కొన్ని కోలుకుంటాయి.

వెంటనే తీసి స్లైడు చేస్తే కంటికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఎక్కువ వేడి తగిలిన మధ్య భాగంలో కణాలు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. కేంద్రకం, గోడ అన్నీ చక్కగా ఉంటాయి. వేడి వాటిని ఫార్మలిన్‌లో వేసినట్టు బిగించేసింది, అంతే. అవి చచ్చిన కణాలు. మామూలు రంగులతో చూసి "క్యాన్సర్ మిగిలింది" అని రాసేస్తే తప్పు రిపోర్టవుతుంది. అందుకే కణంలో ఎంజైములు పనిచేస్తున్నాయో లేదో చూపే రంగులు వాడాలి. ఒకటి నుంచి మూడు రోజులు ఆగి తీస్తే చావు అంచు స్పష్టంగా తేలుతుంది. ప్రయోగం చేసిన గంటలోనే గ్రంథి తీసేసిన వ్యాసానికీ, మూడో రోజు తీసిన వ్యాసానికీ గాయం కొలతలు కలవకపోవడంలో వింతేమీ లేదు.

మనుషుల్లో ఇంకో సమస్య. నాటిన గడ్డ ఒక్కటే, గుండ్రంగా ఉంటుంది. మనిషి ప్రోస్టేట్ క్యాన్సర్ చాలాసార్లు గ్రంథిలో ఒకటికన్నా ఎక్కువ చోట్ల ఉంటుంది, వేళ్లలా పాకుతుంది. ఎంఆర్‌ఐలో కనిపించేది అసలు గడ్డకన్నా చిన్నది. తీసేసిన గ్రంథుల్ని ఎంఆర్‌ఐతో పోల్చి చూసిన ఒక అధ్యయనంలో, కనిపించే గడ్డ చుట్టూ 9 మిల్లీమీటర్ల అదనపు అంచు కాలిస్తేనే గడ్డ మొత్తం లోపలికి వస్తుందని తేలింది. పేగు పక్కన ఉన్న గడ్డకు ఆ 9 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి తేవాలి?

శ్రీవల్లి_కె

పద్మజ గారూ, ఈ సంగతి నేను చదివిన ఏ వార్తలోనూ లేదు. అన్నిట్లోనూ ఎర్రటి రంగు నిండిన ఎంఆర్‌ఐ బొమ్మ వేసి "గడ్డ మాయం" అని రాశారు.

అఖిల్_బయో

మనుషుల్లో ఫలితాలు లేవని కాదు. నానోషెల్స్‌తో మనుషుల్లో చేసిన మొదటి ప్రోస్టేట్ ప్రయోగం 2019లో వచ్చింది. 16 మందిని తీసుకుని 15 మందికి చికిత్స పూర్తిచేశారు. కణాలు ముందుగా ఎక్కించి, తర్వాత ఎంఆర్‌ఐ, అల్ట్రాసౌండ్ బొమ్మలు కలిపి చూస్తూ ఫైబర్ దింపారు. ఎక్కువమందిలో కాల్చిన చోట మళ్లీ బయాప్సీ చేస్తే క్యాన్సర్ కనబడలేదు, పెద్ద దుష్ఫలితాలూ రాలేదు. నాకు ఒక సందేహం, టూకాడ్ అని ఇంకో కాంతి చికిత్స ఉంది కదా, అదీ ఇదీ ఒకటేనా?

యూరో_మాధవ్ (యూరాలజిస్టు)

ఒకటి కాదు అఖిల్. టూకాడ్‌లో వేడి పుట్టదు. రక్తంలోకి మందు ఎక్కించి 753 నానోమీటర్ల కాంతి వేస్తే, మందు ఆక్సిజన్‌తో కలిసి చురుకైన రసాయనాల్ని పుట్టించి గడ్డకు పోయే రక్తనాళాల్ని మూసేస్తుంది. యూరప్‌లో 2017లో, తక్కువ ముప్పున్న క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. దాని ఫలితాల్ని వేడి లేజర్‌కు అంటగట్టకూడదు. నెట్‌లో రెండూ కలిపి రాసేస్తున్నారు.

వేడి లేజర్ విషయానికొస్తే, టొరంటో బృందం 2009లో 12 మంది మీద మొదటి దశ ప్రయోగం ప్రచురించింది. తర్వాత షికాగో, లాస్ ఏంజెలిస్ బృందాలు చిన్న చిన్న సంఖ్యల్లో చేశాయి. మొత్తమ్మీద తేలిందేమిటంటే, చెయ్యగలం, మూత్రం ఆపుకోలేకపోవడం లాంటి ఇబ్బందులు తక్కువ, చాలామంది త్వరగా ఇంటికి వెళ్లిపోతారు. ఇవి చిన్న లాభాలేమీ కావు. ఆపరేషన్ తర్వాత డయాపర్‌తో బతుకుతున్న మగవాళ్లను నేను వారం వారం చూస్తున్నాను. కానీ తిరిగి బయాప్సీ చేసినప్పుడు కొంతమందిలో కాల్చిన చోట గానీ, పక్కన గానీ క్యాన్సర్ కనిపించింది.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది కాలం గురించి. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. గ్రంథిలోనే ఉన్న క్యాన్సర్‌తో 1643 మందిని ఆపరేషన్, రేడియేషన్, గమనింపు అని మూడు గుంపులు చేశారు. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు మొత్తమ్మీద 2.7 శాతం, మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. గమనింపు గుంపులో పాకినవాళ్లు మాత్రం ఎక్కువ. ఇంత నెమ్మదిగా నడిచే జబ్బులో ఒక చికిత్స ప్రాణం కాపాడిందని చెప్పాలంటే పదేళ్లు, పదిహేనేళ్లు చూడాలి. చిట్టెలుకను మూడు నెలలు చూస్తారు, కుక్కను వారాలు చూస్తారు. వేడి కణజాలాన్ని చంపుతుందా, హద్దులో ఉంచగలమా అన్న ప్రశ్నలకు జంతువులు నిజాయితీగా, బాగా జవాబిచ్చాయి. ఈ క్యాన్సర్‌తో మనిషి ఎక్కువకాలం బతుకుతాడా అన్నది వాటిని అడిగిన ప్రశ్నే కాదు. వార్తల్లో మొదటిదాని జవాబు తెచ్చి రెండోదాని కింద రాసేస్తున్నారు, నా అభ్యంతరం అదీ.

వెంకట్రావు_పి

డాక్టర్ గారూ, అయితే శ్రీవల్లి వాళ్ల నాన్నగారు లేజర్ మాట ఎత్తకూడదంటారా?

యూరో_మాధవ్

ఎత్తాలి సార్, తప్పకుండా ఎత్తాలి. ఆయన రిపోర్టులు చూడకుండా ఇక్కడ ఏది చేయించుకోమని చెప్పను. కానీ 3+4లో కూడా తేడాలుంటాయి. నాలుగో రకం కణాలు ఎంత శాతం ఉన్నాయి, ఎన్ని ముక్కల్లో వచ్చింది, ఎంఆర్‌ఐలో గడ్డ ఒక్కచోటే ఉందా, పేగు నుంచి ఎంత దూరం, మూత్రనాళం నుంచి ఎంత దూరం, ఇవి వాళ్ల డాక్టరును అడగాలి. గడ్డ ఉన్న చోటే కాల్చే చికిత్సల్ని క్రమపద్ధతిలో నమోదు చేసే అధ్యయనాల్లోనే చెయ్యాలని యూరప్ మార్గదర్శకాలు అంటున్నాయి. ఎవరైనా లేజర్ చేస్తామంటే, తర్వాత బయాప్సీ ఎప్పుడు చేస్తారు, మిగిలితే ఆపరేషన్‌కు దారి ఉంటుందా అని అడగండి. బయాప్సీ అక్కర్లేదు, పీఎస్‌ఏ తగ్గితే చాలు అన్నారంటే అక్కడ ఆగి ఆలోచించండి. గ్రంథిలో సగం కాలిస్తే పీఎస్‌ఏ ఎలాగూ తగ్గుతుంది, అది క్యాన్సర్ పోయిందనడానికి రుజువు కాదు.

మోడరేటర్

చర్చ చాలా బాగుంది. ఒక మనవి: రోగుల రిపోర్టులు, ఆసుపత్రుల పేర్లు ఇక్కడ పెట్టకండి. కొందరు ప్రైవేటు సందేశాల్లో పంపమని అడుగుతున్నారట, అదీ వద్దు.

అఖిల్_బయో

రఘు సార్, ఒక్క ప్రశ్న. పెంపుడు కుక్కలకు సహజంగా వచ్చే క్యాన్సర్‌కే ఈ లేజర్ వేసి, యజమానుల అనుమతితో చూడొచ్చు కదా? కుక్కకూ మేలు, మనిషికీ సమాచారం.

పశువైద్యం_రఘు

మంచి ఆలోచనే. ఎముక క్యాన్సర్‌లో, లింఫోమాలో అలాంటి అధ్యయనాలు బాగా నడుస్తున్నాయి. ప్రోస్టేట్ దగ్గరే చిక్కు. మా దగ్గరికి వచ్చేసరికి కుక్క మూత్రం పోయలేక, మలవిసర్జనకు ముక్కుతూ, సన్నబడిపోయి ఉంటుంది. చెయ్యి పెట్టి చూస్తే గ్రంథి గట్టిగా, గుండ్లు గుండ్లుగా తగులుతుంది. అప్పటికే లింఫు గ్రంథులకు, ఎముకకు పాకి ఉండటం ఎక్కువ. కుక్కలకు మనుషుల్లా పీఎస్‌ఏ పరీక్ష లేదు, ముందే పట్టుకోవడం కష్టం. ఒక్కచోటే ఉన్న చిన్న గడ్డను కాల్చే చికిత్సకు ఆ దశలో ఉన్న కుక్కలు దొరకవు. మూసుకుపోతున్న మూత్రనాళాన్ని తెరిచి కొన్ని నెలలు ఉపశమనం ఇవ్వడానికి లేజర్ వాడటం వేరే సంగతి, దానికి మాత్రం పనికొస్తుంది. వాడినా ముందు మూత్రనాళంలో గొట్టం పెట్టాలి. కాలిన గ్రంథి మొదటి రోజుల్లో ఉబ్బుతుంది, గొట్టం లేకపోతే ఉన్న దారీ మూసుకుపోతుంది.

కాంతికిరణం

ఆ ఉబ్బు మనుషుల్లోనూ అంతే, అందుకే కొన్నాళ్లు గొట్టం ఉంచుతారు. రఘు గారూ, ఉపశమనానికి వేసిన కుక్కల్లో ఉష్ణోగ్రత పటాలు ఎవరైనా భద్రపరిచి ఉంటే చెప్పండి. నిజమైన క్యాన్సర్ ఉన్న గ్రంథిలో రక్తం ఎలా వేడిని లాక్కుంటుందో చూపే పటం టీవీటీ నాటిన గ్రంథిలో దొరకదు. నాకు అది చూడాలని ఉంది.